నాలుక చాపమన్నారా?

ఈ వారం ఒకాయన తెచ్చిన ఫైలు చూసి నాకు ఒళ్లు మండింది. స్కానింగులు, లివర్ పరీక్షలు, థైరాయిడ్ పరీక్షలు, అన్నీ నార్మల్. మనిషి మాత్రం నెలల తరబడి విరేచనాలతో సగమైపోయాడు. ఇప్పటిదాకా వాడింది గ్యాస్ మాత్రలు. నాలుక చాపమన్నాను. ఎర్రగా, నున్నగా, గరుకన్నదే లేదు. విరేచనం ఎలా అవుతుందని అడిగితే, "జిడ్డుగా తేలుతుందండీ, ఎన్ని నీళ్లు పోసినా పోదు" అన్నాడు. ఈ మాట రాబట్టడానికి ఏ యంత్రం కావాలి? నాలుక చూడని వైద్యం వైద్యమే కాదని ఈ కాలమ్‌లో మొదట్నుంచీ పోరుతూనే ఉన్నాను.

నా అనుమానం ట్రాపికల్ స్ప్రూ మీదికి పోయింది. చిన్నపేగు లోపలి నూగు అరిగిపోయి, తిన్నది ఒంటికి పట్టకుండా చేసే జబ్బు. 1960ల మొదట్లో వెల్లూరు చుట్టుపక్కల పల్లెల మీద విరుచుకుపడింది ఇదే. అంతకు చాలా ముందే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు తోబుట్టువుల్ని కొద్దిరోజుల తేడాలో దీనికి పోగొట్టుకున్నారు. తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. అమెరికా వెళ్లాక, లెడర్లీ లాబొరేటరీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్‌ని డగ్గర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిందీ అదే లాబొరేటరీలో. అది లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. ఇవాళ్టికీ స్ప్రూకి రాసేది ఈ రెండు రకాల మందులే: రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, మూడు నుంచి ఆరు నెలలు టెట్రాసైక్లిన్. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గుండె నిండిపోతుంది.

మందు ఇంత చవకైనప్పుడు నాలుక చూసి రాసిచ్చేస్తే పోలేదా? పోదు. నున్నటి నాలుక ఒంట్లో ఫోలేటో, బి12నో, ఇనుమో తగ్గిందని చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. జియార్డియా అనే పేగు పరాన్నజీవి, పేగు క్షయ, గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా మనిషిని ఇలాగే పీల్చేస్తాయి. పైగా బి12 తగ్గినవాళ్లకి ఒక్క ఫోలిక్ యాసిడే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అంత లావు ఫైల్లో మలపరీక్ష లేదు, సీలియాక్ రక్తపరీక్ష లేదు, ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసి చూసిన బయాప్సీ లేదు. ఆ మూడూ రాసిచ్చాను.

విరేచనాలు నెల దాటినా, బరువు తగ్గుతున్నా, నోరు పూస్తున్నా ఈ పరీక్షల గురించి మీ డాక్టరుగారిని గట్టిగా అడగండి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి.