ఇన్యూట్ అచ్చుచిత్రకళ - 'సంప్రదాయం' అన్న మాట పరిధి

1. ఉపోద్ఘాతం:
కెనడా ఆర్కిటిక్ ప్రాంతంలో, బాఫిన్ దీవి నైరుతి కొసను ఆనుకొని ఉన్న కింగాయిట్ గ్రామపు అచ్చుచిత్రాలను ప్రాచీన ఇన్యూట్ కళగా పరిగణించడం కద్దు. కాని ఇవి 1950ల చివరలో మొదలైనవే. జేమ్స్ హూస్టన్ 1958లో జపాన్ వెళ్ళి ఉనిచి హిరత్సుక వద్ద అచ్చుకళ అభ్యసించాడు. 1959లో తొలి చిత్రసంపుటి వెలువడింది.

2. విశ్లేషణ:
అంతమాత్రాన దీనిని అరువు కళగా తోసిపుచ్చడమూ సరికాదు. కెనోజువాక్ అషెవాక్ (1927-2013) తొలి అచ్చుచిత్రం 'సముద్రపు నాచు తింటున్న కుందేలు'కు మూలం సీల్ చర్మపు సంచిపై ఆమె చేసిన అలంకరణే. 'ఉలు' అనే అర్ధచంద్రాకారపు కత్తితో చర్మాన్ని కోసి, లేతరంగు ముక్కను ముదురురంగు ముక్కకు జోడించి కుట్టే స్త్రీలకు తెగిన అంచు, నిండు ఆకారం చిరపరిచితాలు. 'మాంత్రిక గుడ్లగూబ' (1960)లో నేపథ్యచిత్రణ లేదు. ఈకలు కిరణాల వలె తెల్లని కాగితంలోకి విచ్చుకుంటాయి. అది కత్తి ఎరిగిన రేఖ.

అయితే ఆ రేఖను రాతిపై చెక్కి అచ్చు తీసినవారు వేరు. హిరత్సుక చిత్రకారుడే అన్ని దశలూ నిర్వహించాలనే 'సోసకు హంగా' ఉద్యమానికి చెందినవాడు. కింగాయిట్ మాత్రం అంతకు పూర్వపు 'ఉకియో-ఎ' పద్ధతి వలె పనిని పంచుకుంది.

3. ముగింపు:
ప్రాచీనమంటే ఈ కళాకారుల ఎంపిక మరుగవుతుంది. అరువంటే స్త్రీల కుట్టుపని మరుగవుతుంది. గీసిన చేతినే కీర్తిస్తే చెక్కిన చేయి మరుగవుతుంది. ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడే 'సంప్రదాయం' అన్న మాటకు సార్థకత.