దసరా పద్యం, స్పెల్లింగ్ గంట

బడి కోసం ఊళ్ళో డబ్బులడగడం పైకి కనిపించినంత తేలిక కాదు. అడిగేవాడికి చిన్నతనం, ఇచ్చేవాడికి ఉపకారం చేశానన్న బరువు. ఈ రెండూ తగలకుండా చందా పుట్టించే పద్ధతులు తెలుగువాళ్ళ దగ్గర రెండున్నాయి. ఒకటి వీధిబడి పిల్లలు ఇంటింటా పాడిన దసరా పద్యం. మరొకటి అమెరికా తెలుగు ఇళ్ళలో మామూలైపోయిన స్పెల్లింగ్ బీ. నాకు రెండూ ఇష్టమే. మొదటిది పాఠకులకు తెలిసిందే గనక రెండోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

నవరాత్రుల్లో కోస్తా ఊళ్ళలో అయ్యవారు పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరేవారు. రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు, కొత్త బట్టలు, చల్లడానికి పూలు, బుక్కాగుండ. గుమ్మం ముందు నిలబడి పిల్లలు పాడే పద్యాల్లో దీవెన ఉంటుంది, దాని వెనకే బేరం ఉంటుంది. రేపు రమ్మంటే ఒప్పుకోవు, చిల్లర నాణేలు చూపిస్తే ఒక్కొక్క మెట్టే కాదంటూ పైకి లాగుతాయి. డబ్బు అయ్యవారికి, పప్పు బెల్లాలు పిల్లలకు. జీతం సరిగా ముట్టని మేష్టారికి ఏడాదిలో గట్టి రాబడి అదే.

స్పెల్లింగ్ బీ పుట్టుక వేరు. అమెరికాలో పత్రికలు కలిసి 1925లో జాతీయ పోటీగా మొదలుపెట్టాయి. పిల్లవాడు మైకు ముందుకొస్తాడు. మాట వినిపిస్తారు. అర్థమేమిటి, ఏ భాష నుంచి వచ్చింది, వాక్యంలో ఎలా వాడతారు అని అడగొచ్చు. తర్వాత అక్షరం తర్వాత అక్షరం చెప్పాలి. తప్పితే గంట మోగుతుంది. 1985లో బాలు నటరాజన్ గెలిచిన దగ్గర్నుంచి భారతీయ కుటుంబాలకు ఈ వేదిక మీద మక్కువ పెరిగింది. 2019లో ఎనిమిది మంది ఉమ్మడి విజేతల్లో ఏడుగురు భారతీయ మూలాలవాళ్ళు. 2024లో తెలుగు కుటుంబానికి చెందిన బృహత్ సోమ చివరి తొంభై సెకన్లలో ఇరవై తొమ్మిది మాటలు సరిగ్గా చెప్పి గెలిచాడు.

ఈ మక్కువను చదువుల చందాగా మలిచింది నార్త్ సౌత్ ఫౌండేషన్. రత్నం చిట్టూరి 1989లో దాన్ని స్థాపించారు. 1993 నుంచి అమెరికా ఊళ్ళలో ప్రవాస భారతీయుల పిల్లలకు స్పెల్లింగ్ పోటీలు జరుపుతోంది. పోటీలు నడిపేది స్వచ్ఛంద సేవకులు. తల్లిదండ్రులు కట్టే రుసుము, ఇచ్చే విరాళం మన దేశంలో ఇంజనీరింగు, వైద్యం, పాలిటెక్నిక్ చదివే పేద విద్యార్థుల ఉపకార వేతనాలకు తోడవుతాయి.

రెండింటి పోలిక ఇక్కడే తెలుస్తుంది. దసరా పద్యం జీతాన్ని పండగలో దాస్తే, స్పెల్లింగ్ బీ విరాళాన్ని పోటీలో దాస్తుంది. అక్కడ ఇంటాయన పిల్లల గొంతుకు మురిసి ఇస్తాడు. ఇక్కడ తండ్రి తన బిడ్డ తెలివికి మురిసి కడతాడు. రెండుచోట్లా డబ్బు కదిలేది పసివాడి నోటి మాటతోనే. అలాగే రెండుచోట్లా బట్టీయానికి పెద్దపీట. సంస్కృత శబ్దమంజరి వల్లించిన తాతకూ, నిఘంటువు నమిలే మనవడికీ చదువు ముందు నాలుక మీదే నిలుస్తుంది.

తేడా గంట దగ్గర వస్తుంది. దసరా గుంపులో గొంతు కలవని పిల్లవాడు కూడా పప్పు బెల్లాలు తింటాడు, ఎవరూ వాణ్ణి వెనక్కి పంపరు. స్పెల్లింగ్ బీలో ఒక అక్షరం తప్పితే ఇంటికి పోవాలి. అయితే ఆ గంటకు కులం తెలియదు, ఆడపిల్లా మగపిల్లాడా తెలియదు. పాతకాలపు వీధిబడి అరుగు చాలామంది పిల్లలకు, ముఖ్యంగా దళితుల పిల్లలకు, ఆడపిల్లలకు అందనే లేదు. పద్యం ఎవరినీ ఓడించలేదన్నది నిజమే, కానీ అందరినీ పిలవనూ లేదు. బీ కూడా అందరినీ పిలుస్తుందని అనలేం. రుసుము కట్టగలిగి, వారాంతాల్లో కారులో తీసుకెళ్ళే తల్లిదండ్రులున్న పిల్లలకే ఆ తలుపు తేలిగ్గా తెరుచుకుంటుంది.

డబ్బు నడిచే దారి కూడా వేరు. అయ్యవారి పైకం గుమ్మం దగ్గర చేతి నుంచి చేతికి మారేది. ఇచ్చినవాడికి ఆ బడి, ఆ పంతులు, ఆ పిల్లలు అందరూ కళ్ళెదురే. లెక్క రాసినవాడు లేడు, అడిగినవాడూ లేడు. ఫౌండేషన్ సొమ్ము సముద్రం దాటి, దరఖాస్తులు చూసి, మార్కులు, ఆదాయం తూచి చేరుతుంది. లెక్క పక్కా, ముఖపరిచయం శూన్యం. న్యూజెర్సీలో పోటీకి నిలబడ్డ పిల్లకు తన రుసుము ఎవరి ఫీజయిందో తెలియదు.

ఇప్పుడు రెంటినీ కల్హేర్‌కు తీసుకొద్దాం. తెలంగాణలోని నారాయణఖేడ్ నియోజకవర్గంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న మండల కేంద్రం అది. తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం, మరాఠీ, తండాల్లో లంబాడీ వినిపించే ప్రాంతం. నిజాం కాలంలో ఇక్కడ బడికి పైసల కన్నా ముందు అనుమతి కావాల్సి వచ్చేది. ఖాన్గీ (ప్రైవేటు) బడి పెట్టాలంటే సర్కారు ఒప్పుకోవాలి.  2022-23 నుంచి రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక, స్పెల్లింగు ఇక్కడి పిల్లలకు కూడా దూరపు సంగతి కాదు.

తెలుగు మాటల్తో బీ పెడితే పస తక్కువ. పలికినట్టే రాసే లిపిలో ల-ళ, న-ణ, శ-ష-సలు, వత్తులు దాటితే తడబాటు అరుదు. ఇంగ్లీషులో పద్యం పాడిస్తే గుమ్మం ముందు పెద్దమనిషికి ఎక్కదు. అందుకే ఒకదాన్ని రెండోదాని స్థానంలో పెట్టడం వృథా. రెంటినీ పక్కపక్కన పెట్టడమే మేలు. తెలుగుకు పద్యం, ఇంగ్లీషుకు స్పెల్లింగు, తండా పిల్లకు తన ఇంటి పాట.

ఇంకో మంచి పద్ధతి అమెరికా చిన్న ఊళ్ళ నుంచి తెచ్చుకోవచ్చు. స్థానిక బడుల కోసం చందా పోగుచేసేటప్పుడు అక్కడ చాలాచోట్ల పెద్దవాళ్ళే జట్లుగా రుసుము కట్టి స్పెల్లింగ్ పోటీ వేదికెక్కుతారు. దుకాణాలవాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు తడబడుతుంటే పిల్లలు కింద కూర్చుని నవ్వుతారు. కొన్నిచోట్ల ఓడినవాడు మళ్ళీ డబ్బు కట్టి ఆటలోకి రావచ్చు. ఓటమి బరువు పసివాళ్ళ మీద పడదు, బడికి వచ్చేది తగ్గదు. దసరా పద్యంలోని ఆదరువు, బీలోని సమాన పరీక్ష ఒకచోట కలిసేది ఇలాంటి వేదిక మీదే.

తరగతి గది, టీచరు, మరుగుదొడ్డి ప్రభుత్వం బాధ్యతలు. వాటిని చందా మీదికి నెట్టకూడదు. గ్రంథాలయం పుస్తకాలు, ఆటవస్తువులు, విహారయాత్రలు ఊరు చేయగలిగినవి. తెలంగాణ పల్లెల్లో దసరా నాడు పిల్లలు జమ్మి చేతిలో పెట్టి మొక్కితే పెద్దలు పైసలు పెట్టడం ఎలాగూ ఉంది. కల్హేర్ పెద్దలు ఈసారి ఆ పండగ వారంలో ఒక సాయంత్రం బడి ఆవరణలో మైకు పెట్టించండి. పిల్లలు మాట అడగాలి, మీరు స్పెల్లింగు చెప్పాలి. వచ్చిన పైకం ఎంతో, దేనికి ఖర్చవుతుందో ఆ రాత్రే మైకులో చదివి వినిపించండి.