నల్లచిత్రములు: నేరగాని వాఙ్మూలము

‘ఫిల్మ్ న్వార్’ అను ఫ్రెంచి పేరునకు నల్లచిత్రమని యర్థము. నేడీ పేరుతో పిలువబడుచున్న అమెరికా చలనచిత్రములను తీసినవారిలో పెక్కండ్రకు తమ పనికి ఇట్టి పేరొకటి కలదని తెలియదు. వారి లెక్కకు అవి నేరకథలు. యుద్ధకాలమున ఫ్రాన్సు జర్మనుల యధీనమునందుండుటచే అమెరికా చిత్రములచ్చటికి పోలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట కొన్నియేండ్ల చిత్రములు ఒక్కమాఱుగా పారిసు నగరమునకు వచ్చిపడగా, 1946లో నీనో ఫ్రాంక్ అను విమర్శకుడు వానిలో కొన్నింటియందొక క్రొత్త పోకడను గుర్తించి ఈ పేరు పెట్టెను. ఏడాదికొకటి రెండుగా చూచినవారికి కనబడని పోలిక వరుసగా చూచినవారికి కనబడుట వింత కాదు. వింత వేఱొకటి కలదు. యుద్ధమునకు మునుపు పారిసు పత్రికలలో కొందఱు తమ స్వదేశచిత్రములనే ఈ మాటతో నిందించియుండిరి. అవి జనుల నీతిని చెఱచునని వారి యాక్షేపణ. తిట్టుగా వాడిన మాట పదియేండ్లు తిరుగకముందే మెప్పుగా మాఱినది.

మాట మాఱినను ఆక్షేపణ మాత్రము పోలేదు. హత్యయు, వ్యభిచారమును గల ఈ కథలను గృహస్థులు కుటుంబసమేతముగా చూడదగునా యని యడుగువారిప్పటికిని కలరు. అడుగదగిన ప్రశ్నయే. అయితే వీనిని సమర్థించువారు సామాన్యముగా చెప్పు సమాధానము మాకు రుచింపదు. ‘తుదకు దుష్టునికి శిక్ష పడినది గదా, ఇక దోషమేమి?’ అని వారందురు. అమెరికా చిత్రనిర్మాతల సంఘము 1930లో వ్రాసికొని, 1934 నుండి కఠినముగా అమలుపఱచిన నిబంధనలకు మూలమిట్టి తలంపే. నేరమును లాభకరముగా చూపరాదు. చేసినవాడు శిక్ష ననుభవింపవలెను. ఇట్లు పైనుండి విధించిన శిక్ష కథకు తగిలించిన తోకవంటిది. నీతి యచ్చట లేదు. ఎచ్చట కలదో ఒక చిత్రమును చూచి చెప్పుదము.

బిల్లీ వైల్డర్ 1944లో తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ యందు నెఫ్ అను బీమా ఏజెంటు ఫిలిస్ అను వివాహితతో కలిసి, ఆమె భర్తకు తెలియకుండ అతని ప్రాణమునకు బీమా వ్రాయించి, అతనిని చంపి, రైలునుండి జాఱిపడినట్లు కల్పించును. రైలు ప్రమాదమున చచ్చినచో కంపెనీ రెట్టింపు సొమ్ము చెల్లింపవలెను. జేమ్సు కేన్ వ్రాసిన ఈ కథను చిత్రసంస్థలు 1935లోనే కొనజూడగా నిబంధనాధికారి అడ్డుపడెను. పిదప సెలవు దొరకినప్పుడు, నెఫ్‌ను విషవాయువు గదిలో చంపు ఘట్టమును వైల్డర్ సాంగోపాంగముగా తీయించి, చూచి, తీసివేసెను! నిబంధనలు కోరునంతకంటె ఎక్కువ శిక్ష చేతిలోనుండగా దానినేల వదలుకొనెను? అంతకు ముందరి ఘట్టముతోనే కథ ముగిసినదని గ్రహించుట చేతనే. కంపెనీలో మోసములను పసిగట్టు కీస్ అను పెద్దమనిషి నెఫ్‌ను కొడుకువలె చూచినవాడు. అతని జేబులో చుట్ట యుండును గాని అగ్గిపుల్ల యుండదు. ప్రతిసారియు నెఫ్ అగ్గిపుల్ల గీచి వెలిగించును. తుదిఘట్టమున గుండు దెబ్బ తిని గడపయొద్ద కూలిన నెఫ్ సిగరెట్టు వెలిగించుకొనలేక తడబడగా, కీస్ వంగి అగ్గిపుల్ల గీచును. అంతే. ఒక మంచివాని నమ్మకమును పోగొట్టుకొన్నవాని దుఃఖమిందున్నంత స్పష్టముగా ఏ వధ్యశాలయందును కనబడదు.

చీకటిని గూర్చి కొంత చెప్పవలెను. పేరే నలుపు గదా. సాధారణముగా ఒక ప్రధానదీపమును వెలిగించి, దాని నీడలను మెత్తపఱచుటకు వేఱొక దీపమును పెట్టుదురు. ఈ చిత్రములలో రెండవ దానిని తగ్గించిరి, లేదా మానిరి. జర్మనీలో 1920 ప్రాంతమున పుట్టిన ఈ పద్ధతి, హిట్లరు రాకతో దేశము విడిచిన లాంగ్, సియోద్మాక్, వైల్డర్ మొదలగువారి వెంట అమెరికాకు వచ్చెను. సగము పేదఱికము వలన వచ్చినదనియు చెప్పక తప్పదు. 1945లో ఎడ్గర్ ఉల్మర్ ‘డిటూర్’ అను చిత్రమును స్వల్పధనముతో తీసినప్పుడు, న్యూయార్కు వీధిని కట్టించుటకు శక్తి లేక పొగమంచుతో కప్పివేసెను. లోటును కప్పిన పొగయే దారి తప్పినవాని మనస్సునకు చిత్రమైనది.

ఇక స్త్రీని గూర్చిన మాట. ఈ చిత్రములయందు పురుషుని చెఱచు మాయలాడి యొకతె తఱచుగా నుండును. యుద్ధకాలమున స్త్రీలు కార్ఖానాలలో పనికి పోయి స్వంతముగా సంపాదించుట చూచి, తిరిగివచ్చిన పురుషులు జంకిరనియు, ఆ జంకే ఈ రూపము దాల్చెననియు కొందఱందురు. కొంత నిజము కావచ్చును. కాని ‘డబుల్ ఇండెమ్నిటీ’ని శ్రద్ధగా వినుడు. రాత్రివేళ ఆఫీసులో కూర్చుండి, మాటలను పట్టు యంత్రముతో నెఫ్ చెప్పుకొన్న కథయే ఆ చిత్రము. ఫిలిస్ దుర్మార్గమును మనకు తెలుపువాడు ముద్దాయియే! కంపెనీని మోసగించు ఉపాయమును ఆమెను చూడకముందు నుండియు తలపోయుచుంటినని వాడే యొప్పుకొనును. ఆమె నిర్దోషియని మేమనము. ఆమె పక్షమున వాఙ్మూలము తీసికొన్నవారు లేరని మాత్రమే యందుము. మగవాని లోభమునకు ఆడుదానిని సాకుగా చూపు ఆచారము మన యిండ్లలో లేనిది కాదు గనుక, చదువరులు దీనిని సులభముగా గ్రహింపగలరు.

విమర్శకులు సామాన్యముగా ఈ శైలికి 1941 నాటి ‘మాల్టీస్ ఫాల్కన్’ మొదలనియు, 1958లో ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ తుదియనియు చెప్పుదురు. పిమ్మట రంగులు వచ్చెను. కిటికీ పలకల నీడలను, తడిసిన వీధులను, టోపీలను అరువు తెచ్చుకొని తామును నల్లచిత్రములమనుకొన్నవి అనేకములు. వానిని గూర్చి వ్రాయుటకు మాకు ఓపిక లేదు.

1974 నాటి ‘చైనాటౌన్’ వేఱు. ఇందలి పాపములో చాలభాగము పట్టపగలు, మండుటెండలో జరుగును. లాస్ ఏంజెలీసు నగరపు నీటిని, భూములను కాజేయు ధనికుని కథ. ఈవ్లిన్ అను స్త్రీ యేదో దాచుచుండును. డిటెక్టివు గిట్టిస్ ఆమెను అనుమానించి, పోలీసులకు కబురుపెట్టి, కొట్టి నిజము చెప్పించును. ఆమె దాచినది తన నేరమును కాదు, కన్నతండ్రి తనకు చేసిన ఘోరమును, దానివలన పుట్టిన బిడ్డను. కథారచయిత రాబర్టు టౌన్ ఆమెను బ్రతికింపదలచెను. దర్శకుడు పోలాన్‌స్కీ ఒప్పుకొనలేదు. పాత నిబంధనలు 1968లోనే తొలగెను గనుక దుష్టుని శిక్షింపవలసిన పనియు లేకపోయెను. ఈవ్లిన్ పోలీసు గుండునకు చచ్చును. తండ్రి ఆ పిల్లను చేతులతో కప్పి తీసికొని పోవును. ఎనుబదియేండ్ల ముసలి శిల్పమునకు కూడ ఇంతటి నిశ్చలత్వముండదేమో యన్నట్లు గిట్టిస్ నిలుచుండిపోవును. ముప్పదియేండ్లుగా ఇట్టి స్త్రీని అనుమానించుట కలవాటుపడిన ప్రేక్షకుడును అంతవఱకు అతనితో పాటు ఆమెను అనుమానించుచునే కూర్చుండియుండును.