గడిలో పట్టే మాట

ఐదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి కావాలి. మూడో అక్షరం ఏ, చివరిది ఈ, ఎక్కడో ఒకచోట ఆర్ ఉండాలి. టి మాత్రం ఉండకూడదు. ప్రోగ్రామర్‌కి ఇది అసలు పనే కాదు. పదాల జాబితా ఒక ఫైల్లో ఉంటే, ఒక్క లైను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో గ్రేస్, క్రేన్, షేర్, బ్రేవ్ అన్నీ వరసకట్టి వచ్చేస్తాయి. యంత్రం రెప్పపాటులో చేసే ఈ పనిని మనుషులు రోజూ పొద్దున్నే ఇష్టంగా, ఆరు అవకాశాలు ఖర్చుపెట్టుకుంటూ ఎందుకు చేస్తున్నారు? వర్డిల్‌ని ఆటగా కాక ఒక రచనగా చూస్తే తప్ప ఈ ప్రశ్నకి జవాబు దొరకదనిపిస్తుంది నాకు.

కథ చాలామందికి తెలిసిందే. జాష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, పదాల ఆటలంటే ఇష్టపడే తన సహచరి పాలక్ షా కోసం దీన్ని తయారుచేశాడు. 2021 నవంబర్ 1న ఆడినవాళ్ళు 90 మంది. రెండు నెలలు తిరిగేసరికి 3 లక్షలు. 2022 జనవరి ఆఖరుకి న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఈ విజయానికి కారణాలు చెప్పేవాళ్ళు రోజుకి ఒక్కటే పజిల్ ఉండటం గురించి, స్నేహితులకి పంపుకునే ఆకుపచ్చ, పసుపు గళ్ళ గురించి మాట్లాడతారు. నిజమే. కానీ అసలు రచన జరిగింది ఇంకోచోట. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు సుమారు 12,000 ఉన్నాయి. పాలక్ షా వాటిని ఒక్కొక్కటే చూసి, తనకి తెలిసినవేవో తెలియనివేవో తేల్చింది. దాదాపు 2,500 మిగిలాయి. జవాబులు వాటిల్లోంచే వచ్చాయి. కోడ్ రాసింది వార్డిల్. ఎడిటర్ మాత్రం ఆమే. ఆటగాడు వెతికేది నిఘంటువులో ఉన్న మాట కోసం కాదు, ఇంకో మనిషికి తెలిసిన మాట కోసం. పజిల్ విప్పగానే కలిగే చిన్న సంతోషంలో ఆ మనిషి స్పర్శ ఉంది.

యంత్రం ఇదే ఆటని ఎలా ఆడుతుందో చూడండి. ఎంఐటీ పరిశోధకులు 2022లో లెక్క కట్టి తేల్చిన అత్యుత్తమ మొదటి మాట సాలెట్. దానితో మొదలుపెట్టి తప్పు లేకుండా ఆడితే సగటున 3.42 ప్రయత్నాల్లో జవాబు దొరుకుతుంది. సాలెట్ అంటే మధ్యయుగాల యూరప్‌లో సైనికులు పెట్టుకున్న ఒక రకం శిరస్త్రాణం. దాన్ని టైప్ చేసేవాళ్ళలో ఎంతమందికి ఆ అర్థంతో పని? ఎస్, ఏ, ఎల్, ఈ, టి అనే ఐదు పనికొచ్చే అక్షరాలు మోసుకొచ్చే కూలీ అది. అది ఎన్నడూ జవాబు కాదు, షా జాబితాలో లేదు కాబట్టి. మన పద్యవిమర్శలో ఇలాంటి మాటలకి ఎప్పటినుంచో పేరుంది: పాదపూరణ. గణం కుదిరింది, యతి కుదిరింది, అంతకుమించి ఆ మాట అక్కడ ఉండటానికి కారణం లేదు.

అక్షరాలకి షరతులు పెట్టి మాట వెతికించడం మనకి కొత్త కాదు. అవధానంలో న్యస్తాక్షరి ఉంది: ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే రావాలి. అంటే వర్డిల్‌లో ఆకుపచ్చ గడి. నిషిద్ధాక్షరి ఉంది: అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏ అక్షరం వేస్తాడో ఊహించి పృచ్ఛకుడు దాన్ని కొట్టేస్తుంటాడు. అది బూడిదరంగు గడి. తేడా ఎక్కడంటే, అవధానిది దొరికిన మాటతో తీరిపోయే పని కాదు. ఆ మాట పక్కమాటతో కలవాలి, నాలుగు పాదాలయ్యేసరికి ఒక భావం నిలబడాలి. వర్డిల్‌లో మాట ఒంటరిది. దానికి వాక్యం లేదు. ఆ లోటుని కొంతైనా పూడ్చేది, దాన్ని ఎంచిన మనిషి ఉందన్న నమ్మకమే.

వాక్యం లేని మాటలతో మా తరానికి పాత పరిచయమే ఉంది. బారన్స్ పుస్తకంలోని 3,500 పదాలు బట్టీపట్టి జీఆర్‌ఈ రాసినవాళ్ళం. అబేస్, అబాష్, అబేట్. విచిత్రంగా మూడూ ఐదక్షరాల మాటలే. ఒకదానికొకటి అర్థంలో చుట్టాలు కావు, అకారాదిలో ఇరుగుపొరుగు అంతే. అర్థం, వ్యతిరేకార్థం అడిగితే ఠక్కున చెప్పేవాళ్ళం. కోపంలోనో ప్రేమలోనో ఆ మాట ఒక్కసారీ నోట్లోంచి వచ్చేది కాదు. 2011 ఆగస్టులో పరీక్ష పద్ధతి మారి వ్యతిరేకపదాల ప్రశ్నలు పోయాయి. కానీ మాట తెలియడమంటే జాబితాలో దాన్ని గుర్తుపట్టడమే అన్న అలవాటు అంత తేలిగ్గా పోలేదు.

అలాగని మనిషి చెవిని నమ్ముకుంటే సరిపోదు. ఎవరి చెవి అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. 2022 మే 5న జవాబు హోమర్. బేస్‌బాల్‌లో బంతిని మైదానం దాటించే దెబ్బ, మన సిక్సర్ లాంటిది. అమెరికాలో పిల్లలకి కూడా తెలిసిన మాట. మిగతా ప్రపంచం తెల్లబోయింది. ఆ ఒక్క మాట కోసం నిఘంటువుల మీద పడ్డ జనం వల్ల, కేంబ్రిడ్జ్ డిక్షనరీ దాన్నే ఆ ఏటి మాటగా ప్రకటించింది. ఇంగ్లీషు అందరిదీ అని అనుకుంటాం. ఆ రోజు మాత్రం అది ఒక వీధి వాళ్ళదని బయటపడింది.

తెలుగులోనూ ఇలాంటి ఆటలు వచ్చాయి. ముందు ఎదురయ్యే చిక్కు సాంకేతికమైనది. స్త్రీ అన్న మాట మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు. మాట పొడవు కొలవాలంటే కంప్యూటర్ లెక్క వదిలేసి మన లెక్కకి రావాలి. ఇది ఒక వారాంతంలో తేలిపోయే పని. అసలు కష్టం ఆ తర్వాతే. కోస్తావాళ్ళు జాబితా కూర్చితే గేదె ఉంటుంది. తెలంగాణవాళ్ళు కూర్చితే బర్రె, రాయలసీమవాళ్ళు కూర్చితే ఎనుము. మూడూ ఒకే పశువు, మూడూ బతికున్న మాటలే. ఏదో ఒక చెవిని ప్రమాణంగా పెట్టుకున్న రోజున మిగిలిన ఇద్దరికీ సొంత భాషే హోమర్ అయి కూర్చుంటుంది.

కాబట్టి కోడ్ ఎవరు రాశారన్నది నాకు అంత ముఖ్యం కాదు. ఆ జాబితా ముందు ఎవరు కూర్చున్నారు, పక్కన ఇంకెవరిని కూర్చోబెట్టుకున్నారు అన్నదే అడుగుతాను.