కర్ణుని వినిమయము

భారతమునఁ గర్ణుఁడు సహజకవచకుండలములను దేవేంద్రున కిచ్చిన కథ దానవీరమునకు నిదర్శనముగాఁ జెప్పఁబడుచున్నది. ఇంద్రుఁ డొసఁగిన శక్తి యా దానమునకు మెచ్చి యిచ్చిన బహుమాన మని పెక్కుర యూహ. మూలమును జదివినవారి కీ యూహ నిలువదు. సంస్కృతభారతమున నారణ్యపర్వాంతమందుఁ గర్ణుఁడు తానే బేరమాడినాఁడు. 'వినిమయ' మను పదమునే వ్యాసుఁ డాతని నోటఁ బలికించినాఁడు. అట్లు కానిచో నీయ నని కూడ ననిపించినాఁడు.

ఈ బేర మాతని బుద్ధికిఁ బుట్టినది కాదు. కలలో బ్రాహ్మణరూపమునఁ గనఁబడిన సూర్యుఁడు మొదట నియ్యవల దనెను. కీర్తి బ్రదికినవానికిఁ గాని బూడిదయైనవాని కేల యని వాదించెను. కర్ణుఁడు ప్రాణముకంటెఁ గీర్తియే మిన్న యనఁగా, నట్లైన నమోఘమైన శక్తి నడిగి మఱి యిమ్మని యుపాయము చెప్పెను. కర్ణుఁడు రెంటిని నంగీకరించెను. తరువాతివారు కీర్తిని మాత్రమే జ్ఞాపకముంచుకొనిరి.

విచారింపవలసినది బేరమాడుట తప్పా యని కాదు, ఆ బేరము తగినదా యని. నేఁటి వేఁటకాఁడు తాను మురిసి దాఁచుకొన్న తుపాకి నమ్మి వేఱొకటి కొనఁదలఁచినపుడు పోవుదాని గుణమును వచ్చుదాని గుణమును దూఁచి చూచును. కర్ణుని సొమ్ము నట్లు తూఁచిన నేమి తేలును? కవచము పుట్టువుతో వచ్చినది. ప్రయోగింప నక్కఱలేదు, తఱుగదు. కుండలములతోఁ గూడి యున్నంతకాల మాతఁ డవధ్యుఁడు. శక్తియో, యొక్కనిఁ జంపి తిరిగి యింద్రుని చేరును. తక్కిన యాయుధము లుండఁగాఁ, బ్రాణసంకటము లేనపుడు, ఏమఱి విడిచెనేని విడిచినవానిమీఁదనే పడును. అంతియ కాదు, కర్ణుఁడు చంపఁదలఁచినవానిని గృష్ణుఁడు కాచుచున్నాఁ డని యింద్రుఁడు దాఁపక చెప్పినాఁడు. లోప మెఱిఁగియుఁ గొన్న సరకది.

ఐనను శక్తి నిష్ప్రయోజన మనుట తొందరపాటు. 14వ నాఁటి రాత్రియుద్ధమునఁ గృష్ణుఁ డర్జునునిఁ గర్ణున కెదురు పంపక ఘటోత్కచునిఁ బంపుటకు హేతు వా శక్తియే. విడువకుండఁగనే పని చేసిన యాయుధ మది. విడిచినంతనే కర్ణుఁడు రిత్తచేతులవాఁ డయ్యెను. ఘటోత్కచుని ధాటికిఁ గౌరవసేన యాక్రోశింప నాతఁడు విడువక తప్పలేదు. రాక్షసుఁడు కూలెను, పాండవులు దుఃఖింపఁగాఁ గృష్ణుఁడు సంతోషమున నాడెను. తెనుఁగునఁ గవచహరణమును నెఱ్ఱనయు, శక్తివ్యయమును దిక్కనయు రచించిరి. కొనుగో లొకకవియు ఖర్చొకకవియుఁ జెప్పుటచేఁ గాఁబోలు, మనవారు రెంటినిఁ గలిపి చదువుట యరుదు.

అట్లైనఁ గర్ణుఁడు దాత కాఁడా? ఆతఁడు మొదట గోవులను భూమిని నీయఁబోయెను. యాచకుఁడు వల దనెను. వచ్చినవాఁ డెవఁడో యెఱిఁగియే మేను గోసి యిచ్చెను. (దేహము వికృతము కారాదని మఱియొక వరము కోరుట యాతని యభిమానమునకుఁ జిహ్నము.) వచ్చుచున్న వెల పోవుచున్నదానికి సరిరాదు. సరిరాని యా కొఱఁతయే దానము, తక్కినది విక్రయము. ఈ విభాగ మంగీకరించినచో వినిమయపదమునకును దానకీర్తికిని విరోధము లేదు.

వ్యాసుఁ డీ కథను ముగించిన తీరు చూడఁదగినది. కర్ణుఁడు మేను గోయుచుండఁగా దేవతలు పూలవాన గురిసిరి. వార్త విని కౌరవులు దిగులుపడిరి. అడవిలోని పాండవులు సంతసించిరి.