దుమ్మును తూచే ఉద్యోగం

ఇండస్ట్రియల్ హైజీనిస్టు డాక్టరు కాదు, సేఫ్టీ ఆఫీసరూ కాదు. జబ్బు వచ్చాక చూసేది డాక్టరు. పడటం, కాలటం, పేలటం లాంటి ప్రమాదాలు జరక్కుండా చూసేది సేఫ్టీ ఆఫీసరు. కార్మికుడు ఏళ్ల తరబడి పీల్చే దుమ్మూ ఆవిర్లూ, వినే మోత, భరించే వేడి ఎంతెంతో కొలిచి, ఒంటికి చేటు చేయని స్థాయికి దించడం హైజీనిస్టు పని. ఇందులో కెమిస్ట్రీ ఉంది, ఇంజనీరింగ్ ఉంది, స్టాటిస్టిక్స్ కూడా ఉంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి, బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ తప్ప వేరే దారి లేదనుకునే పిల్లల్లో చాలామంది ఈ వృత్తి పేరైనా విని ఉండరు.

పనికీ జబ్బుకీ ఉన్న ముడి మాత్రం కొత్తగా కనుక్కున్నది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లోనే వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని చేసే పని ఏమిటో కూడా అడగాలని వైద్యులకు చెప్పాడు. ఆ ప్రశ్న ఇవాళ్టికీ మన ఓపీల్లో అరుదు. రాళ్ల క్రషర్‌లో పనిచేసి దగ్గుతో వచ్చినవాడికి టీబీ అని రాసి పంపేస్తుంటారు. సిలికా దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సోకే ముప్పు కూడా ఎక్కువే కాబట్టి చిక్కు ఇంకా బిగుస్తుంది.

ఆ సిలికానే తీసుకుంటే ఈ పని తీరు బాగా తెలుస్తుంది. గ్రానైటు కోసేటప్పుడు తెల్లగా లేచే ముతక దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోలోతుకు చేరేది కొద్ది మైక్రాన్ల రేణువు. అది కంటికి ఆనదు. అందుకని హైజీనిస్టు కళ్లను నమ్ముకోకూడదు. కార్మికుడి నడుముకు చిన్న పంపు కట్టి, కాలరు దగ్గర సైక్లోన్ అనే పరికరం తగిలిస్తాడు. అది గాలిని గిర్రున తిప్పి ముతక రేణువులను కిందికి నెట్టేస్తుంది, సన్నవి ఫిల్టరు మీదికి చేరతాయి. నిమిషానికి 2.2 లీటర్ల చొప్పున లాగితే 8 గంటల షిఫ్టులో వచ్చేది ఒక ఘనపు మీటరుకు కాస్త పైన. మనిషి అదే షిఫ్టులో సుమారు పది ఘనపు మీటర్లు పీలుస్తాడని లెక్క. ఫిల్టరును ముందూ తర్వాతా తూచి, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో అందులో సిలికా రూపమైన క్వార్ట్జ్ ఎంతో తేలుస్తారు.

అమెరికా 2016లో క్వార్ట్జ్‌కు పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 0.05 మిల్లీగ్రాము. మన 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు సూటిగా అంకె చెప్పక సూత్రం ఇచ్చింది: సన్న దుమ్ములోని క్వార్ట్జ్ శాతానికి రెండు కలిపి, ఆ మొత్తంతో పదిని భాగించాలి. దుమ్ములో 30 శాతం క్వార్ట్జ్ ఉంటే ఘనపు మీటరుకు 0.31 మిల్లీగ్రాముల దుమ్ము దాకా ఆ చట్టం ఒప్పుకునేది. అందులో క్వార్ట్జ్ వాటా 0.09 పైచిలుకు, అంటే అమెరికా పరిమితికి దాదాపు రెట్టింపు. పరిమితికి లోబడినంత మాత్రాన ఊపిరితిత్తులు క్షేమమనుకోవడానికి లేదు.

అసలు పేచీ కొలిచాక మొదలవుతుంది. యాజమాన్యాలకు ముందుగా తట్టేది మాస్కు. ఈ వృత్తి నియమాల్లో దానిది ఆఖరి స్థానం. ప్రమాదకరమైన పదార్థాన్ని మానేయడం, లేదా మార్చడం, దుమ్ము పుట్టినచోటే పట్టడం, పని వేళలు సర్దడం, ఇవన్నీ అయ్యాకే మాస్కు. గడ్డం ఉన్న ముఖానికి అది సరిగా అతకదు. గ్రానైటు క్వారీల చీమకుర్తిలో మే నెల ఎండలో దాన్ని షిఫ్టంతా ఉంచుకోమనడం చెప్పేవాళ్లకు తేలిక. కోసే బ్లేడు మీద నీళ్లు పడితే దుమ్ము చాలావరకు లేవనే లేవదు. ఎగ్జాస్ట్ పెట్టినా దగ్గరగా పెట్టాలి: గొట్టం మూతి వెడల్పెంతో అంత దూరం జరిగేసరికి లాగే వేగం దాదాపు పదోవంతుకు పడిపోతుంది. గోడకు బిగించిన పెద్ద ఫ్యాను చాలాచోట్ల తనిఖీకి వచ్చినవాళ్ల తృప్తి కోసమే తిరుగుతుంటుంది.

మందుల ఫ్యాక్టరీల్లో పని ఇంకా సున్నితం. హార్మోన్లు, క్యాన్సర్ మందుల పరిమితులు మైక్రోగ్రాముల్లోకి, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతాయి. పొడి బయటికి రాకుండా బిగించిన యంత్రాన్ని పరీక్షించేటప్పుడు అసలు మందుకు బదులు లాక్టోజ్ లాంటి హాని లేని పొడి పోసి, చుట్టూ గాలిలో ఎంత తేలిందో చూస్తారు. హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల ఉన్న మందుల పరిశ్రమ కారణంగా తెలుగువాళ్లకు ఇంటి దగ్గరే దొరకగల పని ఇది.

చదువుకు దారులు కొద్దివే. గుజరాత్‌లోని వల్లభ్ విద్యానగర్‌లో ఇండస్ట్రియల్ హైజీన్‌లో ఎమ్మెస్సీ ఉంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధనకు పేరున్నది. ఎంబీబీఎస్ చదివినవాళ్లకు ఏఎఫ్ఐహెచ్ అనే మూడు నెలల కోర్సు ఉంది, కానీ అది వైద్యం వైపు దారి. విదేశీ కంపెనీలు గుర్తించే అర్హత అమెరికా బోర్డు ఇచ్చే సీఐహెచ్ (సర్టిఫైడ్ ఇండస్ట్రియల్ హైజీనిస్ట్).

ఉద్యోగాలు మాత్రం ఎక్కువగా పెద్ద కంపెనీల్లో, అవి పిలిపించుకునే కన్సల్టెన్సీల్లోనే. వెయ్యిమంది పనిచేసే ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసరు ఉండి తీరాలన్నది 1948 చట్టం. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 500కి, ప్రమాదకర ప్రక్రియలున్నచోట 250కి తగ్గించింది. ఆ సెక్షన్లలో హైజీనిస్టు ప్రస్తావన లేదు. పాతికమందితో నడిచే క్రషర్‌కు ఇద్దరిలో ఎవరూ ఉండరు. దుమ్ము దట్టంగా లేచేదీ అక్కడే. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు జీతంతోపాటు ఉద్యోగాలున్నచోటికీ దుమ్మున్నచోటికీ మధ్య ఈ దూరాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

రికార్డుల సంగతి కూడా ఉంది. సిలికోసిస్ బయటపడటానికి తరచు పదేళ్లో ఇరవయ్యేళ్లో పడుతుంది. అప్పుడు నష్టపరిహారానికి ఆధారం పాత కొలతల కాగితాలే. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతదాకా దాచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మేస్త్రీ వెంట క్రషర్ నుంచి క్రషర్‌కు మారే వలస కూలీ పేరు మస్టరులోనే సరిగా ఉండదు. అతని నడుముకు ఒకనాడు పంపు కట్టి కొలిచినా ఆ అంకె ఎవరిదో తర్వాత తేల్చడం కష్టం. అందుచేత అనుభవమున్న హైజీనిస్టు శాంపిల్ షీటులో ముందుగా నింపేది మనిషి పేరు, ఊరు, ఇదివరకు ఎక్కడెక్కడ ఎన్నేళ్లు పనిచేశాడన్న వివరాలు; పంపు ఆన్ చేసేది ఆ తర్వాతే.