క్లాస్ సర్వే: ఏరివేతలోని పనితనం

ఆకాశంలో పక్కపక్కనే రెండు రేడియో చుక్కలు కనబడ్డాయి. నిజంగా రెండా, ఒకదానికే రెండు బింబాలా? దారిలో ఉన్న గెలాక్సీ తన గురుత్వంతో తరంగాలను వంచితే, వెనకున్న ఒకే మూలం రెండుగానో నాలుగుగానో కనిపిస్తుంది. అదే గురుత్వ కటకం. 1979లో తొలి కటకం దొరికింది జోడ్రెల్ బ్యాంక్ రేడియో సర్వే పుణ్యమా అనే. అయితే అది అనుకోకుండా తగిలింది. పనిగట్టుకుని ఎలా వెతకాలో 1990లలో క్లాస్ సర్వే చూపించింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది దాని తొలి మెట్టు. రేడియో గెలాక్సీల్లో చాలావాటికి కేంద్రం నుంచి రెండు వైపులా ధారలు చిమ్మి, రెండు పెద్ద మబ్బుల్లా పరుచుకుంటాయి. అవి పుట్టుకతోనే జంటలు. వాటిలో కటకాలు వెతికితే అయోమయమే మిగులుతుంది. ఆ మబ్బుల జోరు పౌనఃపున్యం పెరిగేకొద్దీ పడిపోతుంది. చిన్న, చిక్కటి కేంద్రాల జోరు అంతగా తగ్గదు. కాబట్టి 1.4, 5 గిగాహెర్ట్జ్ సర్వేల జాబితాలు పక్కపక్కన పెట్టి, జోరు నిలుపుకున్నవాటినే ఎంచుకున్నారు. ఒంటి చుక్కగా ఉండాల్సింది జంటగా కనిపించిందంటే, అనుమానించడానికి గట్టి కారణం ఉన్నట్టే!

అలా ఎంచిన 11,685 మూలాలను న్యూ మెక్సికోలోని వీఎల్ఏ రేడియో టెలిస్కోపుల వ్యవస్థ దాదాపు 0.2 ఆర్క్‌సెకన్ల స్పష్టతతో చూసింది. అనుమానితాలను ఇంకా నిశితమైన మెర్లిన్, వీఎల్‌బీఏ టెలిస్కోపు వ్యవస్థలకు అప్పగించారు. అక్కడి పరీక్ష ఎంత అందమైనదో చూడండి. కటకం బింబాన్ని పెద్దది చేస్తుందే తప్ప, దాని ఉపరితల కాంతిని మార్చలేదు. కాబట్టి మసకగా ఉన్న బింబం చిన్నదిగానూ ఉండాలి. మసకగా ఉండి పైగా విశాలంగా పరుచుకుందంటే అది కటకం పని కాదు, కేంద్రం పక్కన సాగిన ధార. కొట్టివేత!

సర్వే అంతటా కలిపి దొరికినవి 22 కటకాలు. కఠిన నియమాలతో కట్టిన 8,958 మూలాల నమూనాలో 13, అంటే సుమారు 690కి ఒకటి. ఏది ఎందుకు వదిలారో లెక్క ఉంది కాబట్టే, ఆ నిష్పత్తితో విశ్వంలో చీకటి శక్తి వాటాను అంచనా కట్టగలిగారు. దొరికినవాటిలో బీ1608+656కి నాలుగు బింబాలు. మూలం వెలుగులో వచ్చిన ఒకే మార్పు ఒక బింబంలో ముందు, మిగతావాటిలో సుమారు 31, 36, 77 రోజుల తర్వాత కనిపించింది. ఆ ఆలస్యాల నుంచి విశ్వ విస్తరణ వేగాన్ని చెప్పే హబుల్ స్థిరాంకాన్ని లెక్కగట్టారు.